లినక్స్‌లో ప్రింటర్ అమర్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి సమాధానాలు ప్రధానంగా ఉబుంటు, లినక్స్ మింట్, డెబియన్ వాడేవారిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఫెడోరా వంటి వాటిలో ప్యాకేజీల (ఇన్‌స్టాల్ చేసుకునే సాఫ్ట్‌వేర్ కట్టల) పేర్లు కొద్దిగా మారతాయి గానీ లోపలి ఏర్పాటు ఒక్కటే. ఆదేశాల పేర్లను పలికే తీరులో తెలుగు లిపిలో ఇచ్చాం. టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే కిటికీలో, వాటిని ఇంగ్లిషు చిన్న అక్షరాలతో టైపు చేయాలి.

ప్రింటర్‌తో పాటు వచ్చిన సీడీ లినక్స్‌లో పనికొస్తుందా? లేకపోతే డ్రైవర్ ఎక్కడ దొరుకుతుంది?

పనికిరాదు. ఆ సీడీలో ఉండేది విండోస్ కోసం, కొన్నిసార్లు మ్యాక్ కోసం తయారుచేసిన సాఫ్ట్‌వేర్. అయితే డ్రైవర్ (కంప్యూటర్ మాటను ప్రింటర్ భాషలోకి మార్చే ప్రోగ్రాం) కోసం వెతకడం మొదలుపెట్టే ముందు, మీ ప్రింటర్‌కు ఏ భాష అర్థమవుతుందో తెలుసుకోవడం మంచిది. ఎందుకంటే ఈ పేజీలోని మిగతా సమాధానాలన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

ఈ లెక్కన ప్రింటర్లు మూడు రకాలు. ఐపీపీ అనే ప్రామాణిక భాష తెలిసినవి మొదటి రకం. పెట్టె మీద ఎయిర్‌ప్రింట్ అనో మోప్రియా అనో రాసి ఉంటే అది ఈ రకమే. తనలో ఏ సైజు కాగితం ఉందో, రంగు వస్తుందో రాదో, రెండు వైపులా అచ్చు వేయగలదో లేదో ఆ ప్రింటరే కంప్యూటర్‌కు చెప్పుకుంటుంది కాబట్టి దానికి ప్రత్యేక డ్రైవర్ అక్కర్లేదు. పోస్ట్‌స్క్రిప్ట్, పీసీఎల్, ఎప్సన్ వారి ఈఎస్‌సీపీ-ఆర్ వంటి తెలిసిన భాషలు మాట్లాడేవి రెండో రకం. వీటి డ్రైవర్లు సిస్టమ్‌తోనే వస్తాయి, లేదా ఒక్క ప్యాకేజీ వేసుకుంటే సరిపోతుంది. మూడో రకం ప్రింటర్లకు సొంత తెలివి తక్కువ. పేజీలోని ప్రతి చుక్కనూ కంప్యూటరే పేర్చి, తయారీదారు బయటపెట్టని భాషలో పంపాలి.

మన ఊళ్లలోని జిరాక్స్ షాపుల్లో, చిన్న ఆఫీసుల్లో ఏళ్ల తరబడి నడిచిన హెచ్‌పీ లేజర్‌జెట్ 1020, కేనన్ ఎల్‌బీపీ 2900 రెండూ ఈ మూడో రకానివే. లినక్స్‌లో ప్రింటర్లు పనిచేయవన్న మాట మన దగ్గర ఎక్కువగా వినిపించడానికి అసలు కారణం లినక్స్ కంటే ఈ రెండు మోడళ్లేనని మా అభిప్రాయం.

కప్స్ అంటే ఏమిటి? దాన్ని విడిగా వేసుకోవాలా?

ప్రింట్ పనులను వరుసలో పెట్టి, ప్రింటర్‌కు అర్థమయ్యే రూపంలోకి మార్చి పంపే వ్యవస్థ పేరు కప్స్. మైకేల్ స్వీట్ 1997లో దీన్ని రాయడం మొదలుపెట్టారు, 1999లో విడుదలైంది. ఆపిల్ సంస్థ 2002 నుంచి తన మ్యాక్ కంప్యూటర్లలో దీన్నే వాడుతూ 2007లో దాని హక్కులు కొనుక్కుంది; 2020 నుంచి లినక్స్ వైపు అభివృద్ధి ఓపెన్‌ప్రింటింగ్ అనే బృందం చేతుల్లో సాగుతోంది. ఉబుంటు, మింట్ డెస్క్‌టాప్‌లలో ఇది ముందే ఉంటుంది. డెబియన్‌ను కనీస హంగులతో ఇన్‌స్టాల్ చేసినవారు మాత్రం కప్స్ ప్యాకేజీని తామే వేసుకోవాలి.

వైఫై ప్రింటర్ కొన్నాను. ఎలా కలపాలి?

ముందు ప్రింటర్‌ను దాని సొంత మెనూ ద్వారా గానీ, ఫోన్ యాప్ ద్వారా గానీ మీ ఇంటి వైఫైలోకి చేర్చండి. తర్వాత కంప్యూటర్‌లో సెట్టింగ్స్ తెరిచి ప్రింటర్స్ పేజీకి వెళ్తే, మొదటి రకం ప్రింటర్ అయితే, చాలాసార్లు మీరేమీ చేయకముందే అది జాబితాలో కనబడుతుంది. పరీక్ష పేజీ ఒకటి తీసి చూసుకోండి, అంతే.

కనబడకపోతే రెండు విషయాలు చూడండి. చౌక ప్రింటర్లలో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే అందుతుంది, కాబట్టి రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ ఒక్కటే నడుస్తుంటే అవి అసలు చేరలేవు. రెండోది, ప్రింటర్ అతిథుల కోసం పెట్టిన వైఫైలో చేరిందేమో చూడాలి. అలాంటి నెట్‌వర్క్‌లో ఒక పరికరానికి మరొకటి కనిపించకుండా రౌటరే అడ్డుకుంటుంది.

ఒకే ప్రింటర్ జాబితాలో రెండుసార్లు కనిపిస్తోంది. ఏది అసలైనది?

రెండూ అసలైనవే. ఒకటి సిస్టమ్ తనంతట తాను కనిపెట్టింది, మరొకటి మీరో, తయారీదారు ప్యాకేజీయో చేర్చింది. రెండింటి మీదా పరీక్ష పేజీ తీసి, బాగా వచ్చినదాన్ని డిఫాల్ట్‌గా పెట్టుకోండి.

యూఎస్‌బీ తీగతో కలిపితే డ్రైవర్ తప్పనిసరా?

కొత్త ప్రింటర్లకు కాదు. ఐపీపీ-యూఎస్‌బీ అనే చిన్న ప్రోగ్రాం తీగ మీదుగానే ఐపీపీ భాషలో మాట్లాడుతుంది కాబట్టి, వైఫై ఉన్న ప్రింటర్‌ను తీగతో కలిపినా చాలాసార్లు డ్రైవర్ లేకుండానే పనిచేస్తుంది. 2021లో వచ్చిన డెబియన్ 11 నాటికే ఇది అందుబాటులోకి వచ్చింది. పాత ప్రింటర్ విషయంలో, తీగ పెట్టాక టెర్మినల్‌లో ఎల్ఎస్‌యూఎస్‌బీ అని కొట్టి ప్రింటర్ పేరు వస్తోందో లేదో ముందు చూడండి. పేరే రాకపోతే లోపం తీగలోనో పోర్టులోనో ఉన్నట్టు. డ్రైవర్లు ఎన్ని మార్చినా ఫలితం ఉండదు.

హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 దీపం వెలుగుతోంది, జాబితాలోనూ కనబడుతోంది, కాగితం మాత్రం కదలదు. ఎందుకని?

ఈ ప్రింటర్ తన ఫర్మ్‌వేర్‌ను, అంటే తనను నడిపే సాఫ్ట్‌వేర్‌ను, తనలో దాచుకోదు. స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటరే దాన్ని ఎక్కించాలి. ఎక్కించేవారు లేనప్పుడు ప్రింటర్ బతికే ఉన్నట్టు కనిపిస్తుంది, పని మాత్రం అందుకోదు.

హెచ్‌పీ వారి లినక్స్ సాఫ్ట్‌వేర్ పేరు హెచ్‌పీఎల్ఐపీ. ఇందులో ఎక్కువ భాగం ఓపెన్ సోర్సే గానీ, 1020, ఎం1005 వంటి మోడళ్లకు దాని పైన ఒక మూసిన ప్లగిన్ (సోర్సు కోడ్ బయటపెట్టని అదనపు భాగం) కూడా కావాలి. హెచ్‌పీఎల్ఐపీ ప్యాకేజీ వేసుకున్నాక, ఇంటర్నెట్ ఉండగా హెచ్‌పీ-ప్లగిన్ అనే ఆదేశం నడిపితే అది దిగి వస్తుంది. ఆ తర్వాత హెచ్‌పీ-సెటప్ నడిపి ప్రింటర్‌ను చేర్చాలి. ప్లగిన్ వెర్షన్, హెచ్‌పీఎల్ఐపీ వెర్షన్ అంకెతో సహా ఒకటే కావాలన్నది మర్చిపోకండి. ఉబుంటును కొత్త విడుదలకు మార్చిన మర్నాడు ప్రింటర్ మొరాయించిందని వచ్చే ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం ఇదే: హెచ్‌పీఎల్ఐపీ కొత్తదయింది, ప్లగిన్ పాతదే మిగిలింది. హెచ్‌పీ-ప్లగిన్ మళ్లీ నడిపితే సర్దుకుంటుంది.

ప్లగిన్ వద్దనుకునేవారికి ఫూటూజెడ్‌జేఎస్ అనే వేరే డ్రైవర్ ఉంది. ఫర్మ్‌వేర్ ఫైలు దానికీ కావాలి, అయితే దాన్ని విడిగా తెచ్చుకోవాలి. రెండు డ్రైవర్లనూ ఒకే మెషీన్‌లో ఉంచకండి. ఒకే ప్రింటర్ కోసం పోటీపడి, ఏది ఎక్కడ చెడిందో తేలకుండా చేస్తాయి.

ఇక్కడొక విచిత్రం చెప్పుకోవాలి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం పుట్టుకలో ఒక ప్రింటర్‌కు పాత్ర ఉంది. 1980 ప్రాంతంలో ఎంఐటీ ప్రయోగశాలకు జిరాక్స్ సంస్థ ఒక లేజర్ ప్రింటర్ ఇచ్చింది. కాగితం ఇరుక్కుంటే అందరికీ కబురందేలా దాన్ని సవరించాలనుకున్న రిచర్డ్ స్టాల్‌మన్‌కు, తర్వాత ఆ ఉద్యమాన్ని మొదలుపెట్టిన ఆయనకు, దాని సోర్సు కోడ్ దొరకలేదు. నలభై ఏళ్లు దాటినా మనం ఇంకా మూసిన ప్లగిన్ కోసం ఇంటర్నెట్ వెతుక్కుంటున్నాం.

కేనన్ ఎల్‌బీపీ 2900 సంగతేమిటి?

ఈ పేజీలో కష్టమైన ప్రశ్న ఇదే. ఈ ప్రింటర్‌కు క్యాప్ట్ అనే కేనన్ సొంత భాష తప్ప పీసీఎల్ గానీ పోస్ట్‌స్క్రిప్ట్ గానీ తెలియదు. కేనన్ తన లినక్స్ డ్రైవర్ ఇచ్చింది, కానీ అందులో 32 బిట్ల భాగాలు ఉండటంతో నేటి 64 బిట్ల సిస్టమ్‌లో అదనపు లైబ్రరీలు వేసుకోవాలి. పైగా ప్రింటర్‌ను ఒకసారి కప్స్‌లోనూ, మరోసారి డ్రైవర్‌తో వచ్చే సీసీపీడీ అనే నేపథ్య ప్రోగ్రాంలోనూ నమోదు చేయాలి. రెండో నమోదు మర్చిపోతే పని క్యూలో చేరి అక్కడే కూర్చుంటుంది. కంప్యూటర్ తెరిచిన ప్రతిసారీ సీసీపీడీ నడుస్తోందో లేదో చూసుకోవడం కూడా మీ వంతే.

క్యాప్ట్‌డ్రైవర్ పేరుతో ఔత్సాహికులు రాసిన ఓపెన్ సోర్స్ డ్రైవర్ ఒకటి ఉంది. దాన్ని సోర్సు నుంచి కూర్చుకోవాలి. రోజుకు వందల కాపీలు తీసే షాపులో దాని మీద ఆధారపడమని మేము చెప్పలేం. ఇంట్లో అప్పుడప్పుడు వాడేవారు మాత్రం ప్రయత్నించి చూడవచ్చు.

ఎప్సన్ ఇంక్‌ట్యాంక్ ప్రింటర్లు పనిచేస్తాయా?

బాగానే పనిచేస్తాయి. ఎల్3110, ఎల్3150 వంటి మోడళ్లకు ప్రింటర్-డ్రైవర్-ఈఎస్‌సీపీఆర్ అనే ప్యాకేజీ చాలు. సిరా ఎంత ఉందో తెరమీద చూపడం లేదని కొందరు అడుగుతారు. ట్యాంకు పారదర్శకంగా ఉన్నది అందుకే, కంటితో చూసి నింపుకోవడమే.

బ్రదర్ లేజర్ ప్రింటర్లకు?

తయారీదారు ఇచ్చే ప్యాకేజీలు ఉన్నాయి. చాలా మోడళ్లకు బీఆర్‌లేజర్ అనే ఓపెన్ సోర్స్ డ్రైవర్ సరిపోతుంది. ముందు దాన్నే ప్రయత్నించండి.

షాపులో బిల్లులకు డాట్ మ్యాట్రిక్స్ వాడుతున్నాం. లినక్స్‌లో నడుస్తుందా?

నడుస్తుంది. ఈ ప్రింటర్లలో చాలా వాటికి ఎప్సన్ ప్రింటర్‌లా నటించే ఎమ్యులేషన్ ఉంటుంది. ప్రింటర్ సెట్టింగుల్లో దాన్ని ఎంచుకుని, కప్స్‌లో ఎప్సన్ 9 పిన్ లేదా 24 పిన్ డ్రైవర్‌ను, మీ ప్రింటర్ తలలో ఎన్ని పిన్నులు ఉన్నాయో చూసి, పెట్టుకోవాలి. ఇంగ్లిషు బిల్లు గబగబా వచ్చి, తెలుగు బిల్లు నత్తనడకన రావడానికి కారణం వేరే ఉంది. ఇంగ్లిషు అక్షరాలు ప్రింటర్ లోపలే ఉంటాయి కాబట్టి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాటిని నేరుగా పంపగలదు. తెలుగు అక్షరాలు అందులో లేవు కాబట్టి పేజీ మొత్తాన్ని బొమ్మగా గీయాల్సి వస్తుంది. డ్రైవర్‌లో రిజల్యూషన్ తగ్గిస్తే వేగం కొంత పెరుగుతుంది. సరుకుల చిట్టాకు ఆ మాత్రం నాణ్యత సరిపోతుంది.

తెలుగు అక్షరాలు డబ్బాలుగా, ఒత్తులు విడిపోయి వస్తున్నాయి. ఇది ప్రింటర్ లోపమా?

దాదాపు ఎప్పుడూ కాదు. గుణింతాలు, ఒత్తులు కూర్చే పని ప్రింటర్‌ది కాదు, మీరు వాడే అప్లికేషన్‌ది. లిబ్రెఆఫీస్‌లో ప్రింట్ నొక్కినప్పుడు అక్షరాలన్నీ కూర్చి, ఫాంటును లోపలే పొదిగిన పీడీఎఫ్ తయారై, అదే కప్స్‌కు వెళ్తుంది. కాబట్టి తేల్చుకునే పద్ధతి సులువు. రాష్ట్రం, స్త్రీ, లక్ష్మి, జ్యోత్స్న అన్న నాలుగు మాటలు రాసి పీడీఎఫ్‌గా దాచి తెరిచి చూడండి. తెర మీదే తప్పుగా ఉంటే ఫాంటు సమస్య. తెర మీద సరిగ్గా ఉండి కాగితం మీద చెడితే డ్రైవర్ సమస్య.

ఫాంటు సమస్య అయితే డెబియన్, ఉబుంటులలో ఫాంట్స్-తెలు, ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా ప్యాకేజీలు వేసుకోండి. లోహిత్, పోతన, వేమన ఫాంట్లు వీటితో వస్తాయి. నోటో తెలుగు, మండలి, రామభద్ర వంటివి కూడా ఉచితంగా దొరుకుతాయి.

విండోస్‌లో గౌతమి ఫాంటుతో తయారైన పత్రాన్ని లినక్స్‌లో తెరిస్తే మరో చిక్కు వస్తుంది. గౌతమి మైక్రోసాఫ్ట్ ఫాంటు కావడంతో లినక్స్‌లో దాని స్థానంలో వేరొకటి వచ్చి కూర్చుంటుంది. అక్షరాల వెడల్పు మారుతుంది, ఒక పేజీ దరఖాస్తు ఒకటింబావు పేజీ అవుతుంది. కస్టమర్లు తెచ్చే ఫైళ్లను పీడీఎఫ్‌గానే తెమ్మని అడగడం షాపులవారికి మేలు. అను ఫాంట్లతో డీటీపీ చేసిన పాత ఫైళ్ల కథ పూర్తిగా వేరు: అవి యూనికోడ్ కావు, ఆ ఫాంటు లేని చోట ఇంగ్లిషు అక్షరాల గందరగోళంగా కనిపిస్తాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చుకోవాలి, లేదంటే తయారుచేసిన చోటే పీడీఎఫ్ తీయించాలి.

మరో మాట. తెలుగు ఉన్న సాదా టెక్స్ట్ ఫైలును టెర్మినల్ నుంచి ఎల్‌పీ ఆదేశంతో నేరుగా పంపకండి. ఆ దారిలో ఒత్తులు కూర్చే ఏర్పాటు లేదు. ఎడిటర్‌లో తెరిచి అక్కడినుంచి ప్రింట్ ఇవ్వండి.

పేజీ కింది భాగం తెగిపోతోంది, లేదా కాగితం ఉన్నా కాగితం పెట్టమని ప్రింటర్ అడుగుతోంది. ఏం చేయాలి?

ఎక్కడో లెటర్ సైజు ఎంపికై ఉంది. ఏ4 కొలత 210×297 మిల్లీమీటర్లు, అమెరికాలో వాడే లెటర్ 216×279. అంటే లెటర్ మీద ఏ4 పేజీకి దాదాపు 18 మిల్లీమీటర్లు చోటు తక్కువ. లినక్స్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అమెరికా ఇంగ్లిషును ఎంచుకున్నవారికి డిఫాల్ట్‌గా లెటర్ వస్తుంది. సెట్టింగ్స్‌లో ప్రాంతాన్ని భారతదేశానికి మార్చి, ఆపైన ప్రింటర్ డిఫాల్ట్ ఆప్షన్లలోనూ, లిబ్రెఆఫీస్ పేజీ అమరికలోనూ ఏ4 ఉందో లేదో విడివిడిగా చూడాలి. మూడింటిలో ఒక్కటి తప్పినా ఫలితం ఇదే. 2020లో సుప్రీంకోర్టు తన పత్రాలకు ఏ4నే ప్రమాణం చేసినా, లాయర్ల ఆఫీసుల్లో 216×356 లీగల్ కాగితం ఇంకా కనిపిస్తుంది. అది వాడేవారు ట్రేలో కాగితం మార్చిన ప్రతిసారీ ప్రింట్ విండోలో సైజు కూడా మార్చుకోవాలి.

ప్రింట్ ఇచ్చాను, ఏమీ జరగలేదు. ఎక్కడ చూడాలి?

బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ అని, కోలన్ పెట్టి, 631 అని కొడితే కప్స్ సొంత పేజీ తెరుచుకుంటుంది. 631 అనేది ఐపీపీ పోర్టు సంఖ్య. అక్కడ ప్రింటర్స్ విభాగంలో మీ ప్రింటర్ పక్కన పాజ్డ్ అని ఉంటే, తీగ ఊడినప్పుడో, పేపర్ జామ్ అయినప్పుడో క్యూ ఆగిపోయి ఉంటుంది. తీగ తిరిగి పెట్టినంత మాత్రాన అది మళ్లీ మొదలు కాకపోవచ్చు. రెజ్యూమ్ ప్రింటర్ నొక్కండి. ప్రింట్ రాలేదని అదే ఫైలును ఆరేడుసార్లు పంపినవారు రెజ్యూమ్‌కు ముందే పాత పనులను రద్దు చేసుకోవాలి, లేదంటే ఆరేడు కాపీలూ వరుసగా బయటికి వస్తాయి. టెర్మినల్‌లో అయితే ఎల్‌పీస్టాట్ హైఫన్ టీ అంటే మొత్తం పరిస్థితి, క్యాన్సిల్ హైఫన్ ఏ అంటే పనుల రద్దు.

పేజీ యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడిగితే మీరు కంప్యూటర్‌లోకి వెళ్లేటప్పుడు ఇచ్చేవే ఇవ్వండి. ఒప్పుకోకపోతే మీ ఖాతా ఎల్‌పీఅడ్మిన్ అనే గ్రూపులో లేనట్టు. అడ్మిన్ ఖాతా నుంచి చేర్చుకోవాలి. క్యూ బాగానే ఉన్నా కాగితం రాకపోతే, అడ్మినిస్ట్రేషన్ విభాగంలో డీబగ్ సమాచారం (లోపాలు వెతకడానికి పనికొచ్చే వివరాలు) భద్రపరచమనే ఎంపిక పెట్టి, ఒక పేజీ పంపి, ఎర్రర్ లాగ్ చదవండి. ఫిల్టర్ ఫెయిల్డ్ అన్న మాట కనిపిస్తే తప్పు డ్రైవర్ ఎంచుకోవడమో, ప్లగిన్ లేకపోవడమో కారణమని ముందుగా అనుమానించవచ్చు.

కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ వైఫై ప్రింటర్ మాయమవుతోంది. ఎందుకు?

రౌటర్ మళ్లీ మొదలైనప్పుడు ప్రింటర్‌కు కొత్త ఐపీ చిరునామా ఇచ్చి ఉంటుంది. సిస్టమ్ తనంతట కనిపెట్టిన ప్రింటర్‌కు పేరు ఆధారం కాబట్టి ఇబ్బంది ఉండదు. చిరునామా అంకెలు కొట్టి చేర్చుకున్న ప్రింటర్‌కే ఈ బాధ. రౌటర్ పేజీలో ఆ ప్రింటర్‌కు ఒక చిరునామాను శాశ్వతంగా కేటాయించండి.

స్కానర్ కూడా పనిచేస్తుందా?

స్కానింగ్ కప్స్ పని కాదు, సేన్ అనే వేరే వ్యవస్థది. సేన్-ఎయిర్‌స్కాన్ ప్యాకేజీ ఉంటే కొత్త ఆల్ ఇన్ వన్ ప్రింటర్లలో చాలావరకు డాక్యుమెంట్ స్కానర్ యాప్‌లో నేరుగా కనిపిస్తాయి. ఎం1005 వంటి పాతవాటికి హెచ్‌పీఎల్ఐపీ, దాని ప్లగిన్ ఇక్కడా కావాలి.

పాత యూఎస్‌బీ ప్రింటర్‌కు ఇంట్లోవాళ్ల ఫోన్ల నుంచి ప్రింట్ ఇవ్వవచ్చా?

ఇవ్వవచ్చు. లినక్స్‌కు మారాక దొరికే సౌకర్యాల్లో మాకు బాగా నచ్చింది ఇది. కప్స్ పేజీలో ప్రింటర్లను పంచుకునే ఎంపికను, ఆ ప్రింటర్‌కు కూడా షేరింగ్‌ను పెడితే, అవాహీ అనే సేవ దాని పేరును ఇంటి నెట్‌వర్క్‌లో చాటుతుంది. ఆండ్రాయిడ్ 8, ఆపై ఫోన్లు, ఐఫోన్లు దాన్ని వైఫై ప్రింటర్‌గానే చూస్తాయి. దీనికి ఒక రాస్ప్‌బెర్రీ పై చాలు. అయితే ఆ బోర్డులో ఉండేది ఆర్మ్ ప్రాసెసర్. ఎల్‌బీపీ 2900కు కేనన్ ఇచ్చిన డ్రైవర్ ఇంటెల్ తరహా ప్రాసెసర్ల కోసం కూర్చినది కాబట్టి దాని మీద నడవదు.

కప్స్‌లో భద్రతా లోపాలున్నాయని విన్నాం. భయపడాలా?

2024 సెప్టెంబరులో బయటపడ్డ లోపాలు ప్రధానంగా కప్స్-బ్రౌజ్‌డ్ అనే అనుబంధ సేవకు సంబంధించినవి. అది 631 యూడీపీ పోర్టులో బయటినుంచి వచ్చే మాటను నమ్మి దొంగ ప్రింటర్‌ను చేర్చుకునే వీలుండేది. దానికి ప్రింట్ ఇస్తే దాడి చేసినవారి ఆదేశాలు నడిచేవి. సవరణలు వచ్చాయి, అప్‌డేట్లు వేసుకుంటే చాలు. ఇంట్లో ఆ సేవ అవసరం లేనివారు దాన్ని ఆపేసుకోవచ్చు.

కొత్త ప్రింటర్ కొనాలి. ఏం చూసి కొనాలి?

ఎయిర్‌ప్రింట్ గానీ మోప్రియా గానీ గుర్తు ఉందా లేదా అన్నది చూడండి. లినక్స్ అన్న మాట పెట్టె మీద లేకపోయినా ఫరవాలేదు. వీలైతే ఉబుంటును పెన్‌డ్రైవ్ నుంచి నడిపే ల్యాప్‌టాప్ తీసుకెళ్లి షాపులోనే ఒక పేజీ తీసి చూడండి. సెకండ్‌హ్యాండ్‌లో చౌకగా వస్తోందని 2900 తీసుకునేవారు పై సమాధానాన్ని మరోసారి చదవాలి.

కప్స్ 3 వస్తే పాత ప్రింటర్లు పక్కన పడేయాల్సిందేనా?

అక్కర్లేదు. ప్రింటర్ వివరాలు రాసి ఉండే పీపీడీ ఫైళ్లకు, పాత తరహా డ్రైవర్లకు కప్స్ తర్వాతి తరం వెర్షన్ అయిన కప్స్ 3లో చోటుండదు; అది ఐపీపీ ప్రింటర్లతో మాత్రమే మాట్లాడుతుంది. పాతవాటి కోసం ప్రింటర్ అప్లికేషన్ అనే ఏర్పాటు చేశారు. ఇది పాత డ్రైవర్‌ను లోపల పెట్టుకుని, బయటికి ఐపీపీ ప్రింటర్‌లా కనిపించే చిన్న ప్రోగ్రాం. హెచ్‌పీఎల్ఐపీ, గూటెన్‌ప్రింట్, ఘోస్ట్‌స్క్రిప్ట్ డ్రైవర్లతో ఇలాంటివి ఇప్పటికే స్నాప్ స్టోర్‌లో ఉన్నాయి. మీ సిస్టమ్‌లో ఇప్పటి కప్స్ 2.4 బాగా నడుస్తున్నంత కాలం వీటి జోలికి వెళ్లనవసరం లేదు.